చీరపెట్టె అట్ట మీద కంప్యూటర్

నేను కంప్యూటర్ నేర్చుకున్నది దాని వెనక నిలబడి. ఎగతాళికి చెప్పడం లేదు. ఆత్మకూరులో మూడు రోజులు ట్రైనింగ్ పొంది, సంతకాలున్న సర్టిఫికెట్ తెచ్చుకున్న టీచర్ని నేను. ఆ మూడు రోజుల్లో కంప్యూటర్ స్క్రీన్ నా కంటబడింది రెండుసార్లు. ఆ రెండుసార్లూ అందరూ మధ్యాహ్నం భోజనానికి లేచి వెళ్లాకే, అప్పటికి దాన్ని ఆపేశారు.

తొంభైల మధ్యలో సంగతి ఇది. అప్పుడు ఉదయగిరిలో ఒక హైస్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. జూన్‌లో బడి తెరిచిన వారానికే మూడు పెట్టెల్లో కంప్యూటర్ వచ్చింది. హెడ్మాస్టరు ఆ పెట్టెలను తన గదిలో బీరువా పక్కన పెట్టించి, వాటి ముందు నిలబడి కళ్లు మూసుకుని ఏసు ప్రభువుకు ప్రార్థన చేశారు. ఆయన అటు వెళ్లగానే అటెండరు వచ్చి ఒక్కో పెట్టెకు ఒక్కో కుంకుమ బొట్టు పెట్టాడు. అలా రెండు వైపుల నుంచీ దానికి రక్షణ దొరికింది గానీ, నెల్లూరు నుంచి వచ్చి దాన్ని బిగించాల్సిన మనిషి మాత్రం రాలేదు. ఆ మనిషి వచ్చేదాకా పెట్టెల మీద కప్పిన దుప్పటి ఎవరూ తీయకూడదని హెడ్మాస్టరు ఆర్డరు వేశారు.

ఈలోగా ట్రైనింగుకు ఒకరిని పంపమని కాగితం వచ్చింది. లెక్కల మాస్టారికి ట్యూషన్లు, సైన్సు మాస్టారికి మోకాలి నొప్పి. స్టాఫ్ రూమ్‌లో అందరికన్నా చిన్నదాన్ని నేనే. వయసులో ఉన్నాను కాబట్టి నా బుర్రకైతే ఎక్కుతుందని హెడ్మాస్టరు తేల్చేశారు.

ఆత్మకూరులో ఒక్కటే కంప్యూటర్, దాని చుట్టూ ఇరవై ఆరుమందిమి. ముందు వరుస కుర్చీలు హెడ్మాస్టర్లవి. వాళ్ల వెనక సీనియర్లు, సీనియర్ల వెనక బెంచీలెక్కి జూనియర్లు. ఆడవాళ్లం నలుగురం. మగవాళ్ల మధ్యలో దూరడం బాగుండదు కదా, మమ్మల్ని మర్యాదగా బల్లకూ గోడకూ మధ్య ఉన్న సందులోకి పంపించారు. అక్కడైతే ఫ్యాన్ గాలి కూడా తగులుతుందన్నారు. గాలి తగిలిన మాట నిజమే. మా ముందు ఉన్నది మాత్రం కంప్యూటర్ వీపు, నాలుగు వైర్లు. అవతలి వైపు హెడ్మాస్టర్లు స్క్రీన్ చూసి తలలు ఊపినప్పుడల్లా, ఏదో గొప్ప సంగతి జరిగిందని వాళ్ల ముఖాలను బట్టి అర్థం చేసుకుని మేమూ తలలు ఊపేవాళ్లం.

మెడ సాచితే కీబోర్డు ఒక్కటి కనబడేది. ఇంత దూరం వచ్చి ఉత్త చేతులతో పోకూడదని పంతం పట్టి, కనబడిన ఆ ఒక్కదాన్నీ నోట్‌బుక్కులో దించుకున్నాను. ఒక్క గడి కూడా వదల్లేదు. అవతలి వైపు నుంచి చూస్తున్నాను కాబట్టి అక్షరాలు తలకిందులుగా కనిపించేవి. వాటిని మెడ వంచి చదువుకుని, నిటారుగా రాసుకున్నాను. అక్షరాలను సరిచేసుకోవాలని తట్టిన బుర్రకు, వరుసలను కూడా సరిచేసుకోవాలని తట్టలేదు. నా బొమ్మలో పొడుగాటి స్పేస్ బార్ అన్నిటికన్నా పైన ఉంది. అంకెలు అన్నిటికన్నా కింద ఉన్నాయి. అసలు కీబోర్డు మీద ఎడమ వైపు ఉండేవన్నీ నా బొమ్మలో కుడి వైపున ఉన్నాయి. బొమ్మ కింద రెండు గీతలు కొట్టి తేదీ కూడా వేశాను.

ఎక్కడైనా సరిచూసుకోలేకపోయావా అని మీరు అడగవచ్చు. ఊళ్లో టైపు మిషన్లు లేక కాదు. తాలూకా ఆఫీసు దగ్గర అర్జీలు టైపు కొట్టే ఆయన రోజూ కనబడేవాడు. కానీ కంప్యూటర్ ట్రైనింగ్ అయిన మనిషి వెళ్లి టైపు మిషన్‌లోకి తొంగి చూడడమేమిటి, నామోషీ కాదూ?

తొమ్మిదో తరగతి బి సెక్షన్, నలభై మంది ఆడపిల్లలు, నా కంప్యూటర్ క్లాసు. వారానికి రెండు పీరియడ్లు. మిషన్ దుప్పటి కింద ఉంది కాబట్టి అట్టల మీద నేర్పాలని నిర్ణయించాను. బజారులో బట్టల అంగడి ఆయన చీరపెట్టెల అట్టలు కట్ట కట్టి ఇచ్చాడు. పిల్లలు మైదా ఉడికించి, వాటి మీద తెల్లకాగితం అంటించుకుని వచ్చారు. నేను బోర్డు మీద నా బొమ్మ వేశాను. అందరూ గడులు గీసుకున్నారు. అట్ట బల్ల మీద పెట్టుకుని, నేను చెప్పిన మాటను వేళ్లతో కొట్టాలి. పక్కపిల్ల చూసి, ఏ గడి తప్పిందో చెప్పాలి. నిజంగా టైపు వచ్చినవాళ్లు వేళ్ల వైపు చూడరని ఆత్మకూరులో చెప్పారు. ఆ ఒక్క మాటా నాకు బాగా నచ్చింది. తల దించితే నా స్కేలు బల్ల మీద పడేది. నలభై మంది నా ముఖం చూస్తూ అట్టలు కొడుతుంటే, రేకుల మీద వాన పడినట్టు చప్పుడొచ్చేది. హెడ్మాస్టరు కిటికీ దగ్గర నిలబడి విని మురిసిపోయేవారు.

ఈ పిల్లలు మాలాంటివాళ్లు కారు. ఊళ్లోకి కేబుల్ వచ్చాక, రిమోట్ ఎవరి చేతిలో ఉందన్నదే వీళ్ల ఇళ్లలో పెద్ద తగాదా. ఇటుకలు పేర్చే చేతి వీడియో గేమ్ ఒకటి పుస్తకాల సంచుల్లో చేతులు మారుతూ ఉండేది. నేను దాన్ని లాక్కుని సొరుగులో పెట్టి, స్టాఫ్ రూమ్‌లో ఆడేదాన్ని. మూడు వరుసలు పేర్చేలోపు ఓడిపోయేదాన్ని.

వీళ్లందరిలోకీ గట్టిది బస్టాండు దగ్గర ఎస్.టి.డి. బూత్ నడిపే ఆయన కూతురు. స్టాఫ్ రూమ్‌లో ఆ పిల్లను ఎస్.టి.డి. పిల్ల అనేవాళ్లం. హెడ్మాస్టరుకు ఎవరో కువైట్ నుంచి డిజిటల్ వాచీ తెచ్చిచ్చారు. అది గంట గంటకూ కూసేది. పొద్దున ప్రార్థనలో కూసేది, స్టాఫ్ మీటింగ్‌లో కూసేది. దాన్ని ఆపడం చేతగాక ఆయన వాచీని మా క్లాసుకు పంపేవారు. ఎస్.టి.డి. పిల్ల రెండు మీటలు నొక్కి ఆపి పంపేది. ఆయన ఆ వాచీ చూసుకునే సాయంత్రం బెల్లు కొట్టించేవారు. ఒక నెలంతా బడి పది నిమిషాలు ముందే వదులుతున్నారని నాకు అనుమానం వచ్చింది గానీ, నాకూ బస్సు దొరుకుతోంది కాబట్టి ఊరుకున్నాను.

నా కోపం సంగతి కూడా చెప్పాలి. దాచినా దాగదు. అక్టోబర్‌లో సోషల్ క్లాసులో గుడ్డ మ్యాపు వేలాడదీసి, సోవియట్ యూనియన్ ఎంత పెద్దదో స్కేలుతో చూపిస్తున్నాను. ఎస్.టి.డి. పిల్ల లేచి, ఆ దేశం ఇప్పుడు లేదనీ, ముక్కలు ముక్కలైందనీ, టీవీలో చూపించారనీ చెప్పింది. మ్యాపులో ఉందిగా అన్నాను. మ్యాపు పాతది టీచర్ అంది. క్లాసంతా నవ్వింది. అయితే నువ్వే చెప్పు పాఠం అని మ్యాపు చుట్టేసి, కుర్చీలో కూర్చుని, సంచిలోంచి క్రోషా దారం తీసి అల్లుకోవడం మొదలుపెట్టాను. ఒక రోజు కాదు, వారమంతా. సోషల్ లేదు, కంప్యూటర్ లేదు. టీవీ మీద వేసే గుడ్డ ఒకటి పూర్తయ్యాక గానీ నా కోపం దిగలేదు. ఆ పిల్ల చెప్పింది నిజమని ఆ రోజు సాయంత్రమే పేపర్లు తిరగేసి తెలుసుకున్నాను. ఆ మాట మాత్రం క్లాసులో చెప్పలేదు.

జనవరిలో పిడుగు పడింది. నెల్లూరు నుంచి ఆఫీసరు వచ్చి కంప్యూటర్ వాడకం తనిఖీ చేస్తాడని కాగితం వచ్చింది. వాడని బడి నుంచి తీసుకుని, అడిగిన బడికి ఇస్తారట. ఆత్మకూరులో ఒక బడి అప్పటికే అడిగిందట. హెడ్మాస్టరు కాగితాన్ని బల్ల మీద వేసి కొట్టారు.

"వాళ్లకు బస్సు డిపో ఉండాది, డివిజన్ ఆఫీసు ఉండాది. ఇప్పుడు మన కంప్యూటర్ గూడా వాళ్లకే కావాల్నా? మన పిల్లకాయలు చూడకుండా టైపు కొడతారని నేను రాసి పంపించినానమ్మా. మీ మీదనే ఉండాది భారం."

ఆ మాటకు నాకు గర్వంగానే అనిపించింది. మిషన్‌ను ముట్టుకోవాలని ఏడు నెలలుగా ఆశపడుతున్న పిల్లలకు, అది మన దగ్గరే ఉంటుందని, నాది పూచీ అని మాటిచ్చాను.

తనిఖీకి ముందు రోజు మధ్యాహ్నం నెల్లూరు మనిషి వచ్చి అరగంటలో కంప్యూటర్ బిగించి, రాసుకునే పేజీ ఎలా తెరవాలో హెడ్మాస్టరుకు చూపించి వెళ్లాడు. నాలుగు గంటలకు నేను ఆ గదిలోకి వెళ్లాను. ఈసారి సందులోకి కాదు, ముందుకు. కుర్చీలో కూర్చుని, తల దించకుండా వేళ్లు పెట్టి, నా పేరు కొట్టాను. స్క్రీన్ మీద పడినవేవీ నా పేరులోని అక్షరాలు కావు. కొన్ని అసలు అక్షరాలే కావు. అప్పుడు కిందికి చూశాను. స్పేస్ బార్ నా పొట్టకు ఆనుకుని ఉంది. అంకెలు అంత దూరాన ఉన్నాయి. ఆత్మకూరు సందు, ఫ్యాన్ గాలి, మెడ వంచి చదివిన అక్షరాలు అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. ఏడు నెలలు నలభై మందికి కీబోర్డును తలకిందులుగా నేర్పాను. తల దించిన ప్రతిసారీ స్కేలుతో బల్ల మీద కొట్టి మరీ నేర్పాను.

హెడ్మాస్టరుకు చెప్పేద్దామని లేచాను. ఆయన గుమ్మంలోనే ఎదురై, రేపు పిల్లల అట్టలు కూడా బల్ల మీద పేర్చి ఆఫీసరుకు చూపిద్దామని, ఆత్మకూరు వాళ్లకు మన దెబ్బ తెలియాలని సంబరపడిపోతున్నారు. చెప్పకుండానే ఇంటికి పోయి అన్నం ముందు కూర్చుని లేచాను. అంత భయం నాకు టీచరు పరీక్ష రాసినప్పుడు కూడా లేదు. పోయేది కంప్యూటర్ ఒక్కటే కాదు, నా మాట కూడా పోతుంది. పిల్లల ముందు పోతుంది.

మర్నాడు పదకొండు గంటలకు ఆఫీసరు వచ్చారు. పెద్దాయన, కళ్లద్దాలు, ఎవరినీ తొందరపెట్టని నిదానం. హెడ్మాస్టరు గదిలో కంప్యూటర్ ముందు ఆయన, పక్కన నేను, గోడ వెంబడి నలభై మంది పిల్లలు. హెడ్మాస్టరు అన్నిటికన్నా శుభ్రంగా ఉన్న అట్టను ఎంచి ఆయన చేతికిచ్చారు. ఆయన అట్ట వైపు చూశారు. కీబోర్డు వైపు చూశారు. మళ్లీ అట్ట వైపు చూశారు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

"ఇదీ అదీ ఒకటిగా లేవే?" అన్నారు.

హెడ్మాస్టరు నా వైపు తిరిగారు. నేను నేల వైపు చూశాను. అప్పుడు గోడ దగ్గర నుంచి ఎస్.టి.డి. పిల్ల కదిలి వచ్చింది. ఎవరినీ అడగలేదు. కీబోర్డును రెండు చేతులతో పట్టుకుని, అన్నం పళ్లెం తిప్పినట్టు, ముందు భాగం వెనక్కి పోయేలా తిప్పి పెట్టింది.

"ఇప్పుడు చూడండి సార్," అంది.

ఇప్పుడు స్పేస్ బార్ స్క్రీన్ వైపు ఉంది. అక్షరాలు తలకిందులుగా ఉన్నా, ప్రతి గడీ అట్ట మీద ఉన్న చోటే ఉంది. ఆఫీసరు వేలితో అట్ట మీదొకటీ కీబోర్డు మీదొకటీ సరిచూసుకుంటూ పోయారు. ఆ పిల్ల తల పైకెత్తి, నా ముఖం చూస్తూ, బడి పేరూ ఊరి పేరూ కొట్టింది. ఒక్క అక్షరం తప్పలేదు.

ఇలా ఎందుకు తిప్పారని ఆఫీసరు నన్నడిగారు. నిజం చెప్పడానికి అదే ఆఖరి అవకాశమని నాకు తెలుసు. నా నోటికి తెలియలేదు.

"రెండు వైపులా నేర్పుతామండీ," అన్నాను.

అని, గుటక కూడా వేయకముందే నా తప్పు నాకు తెలిసింది. ఆయన తలాడించి, అయితే రెండో వైపు కూడా చూపించమన్నారు. అదీ ఈ అమ్మాయి కాదు, వేరే అమ్మాయి అన్నారు. చూపుడువేలు గోడ వెంబడి మెల్లగా నడిపి, చివరి బెంచీ పిల్ల దగ్గర ఆపారు. ఆ పిల్ల నోరు తెరిచి మాట్లాడడం నేను ఆ ఏడాదిలో రెండుసార్లు విన్నాను. వాళ్ల ఇంట్లో కంప్యూటర్ మాట దేవుడెరుగు, టీవీ కూడా లేదు. ఇక అయిపోయింది అనుకున్నాను.

ఆ పిల్ల వచ్చి, కీబోర్డును మళ్లీ సరిగ్గా తిప్పి పెట్టింది. పాదాలు దగ్గరగా పెట్టుకుని, తల ఎత్తి నా ముఖం చూసింది. ఆఫీసరు పేపర్లోంచి ఒక వాక్యం చదివారు. ఆ పిల్ల నెమ్మదిగా, పెదవులు కదుపుతూ కొట్టింది. ఒక అక్షరం తప్పింది. తప్పిందని తనే నొచ్చుకుని, నాలుక కరుచుకుంది. మిగతాదంతా సరిగ్గా పడింది.

ఆఫీసరు చాలా సంతోషించారు. బల్లకు ఇటు కూర్చున్నా అటు నిలబడినా కొట్టగలరన్నమాట, ఇలాంటి పద్ధతి ఎక్కడా చూడలేదు అన్నారు. అది నిజమే, నేనూ చూడలేదు. కంప్యూటర్ ఇక్కడే ఉంటుందని రిజిస్టర్లో రాశారు. ఆత్మకూరు వాళ్లను ఒకసారి వచ్చి చూసి నేర్చుకుని పొమ్మంటానన్నారు. హెడ్మాస్టరు వాచీ అప్పుడే కూసింది. ఆయన దాన్ని ఆపాలని కూడా అనుకోలేదు.

ఆఫీసరు జీపు వెళ్లాక పిల్లల్ని క్లాసులోకి తీసుకెళ్లి తలుపు దగ్గరగా వేశాను. ఎప్పటి నుంచి తెలుసు అని అడిగాను. ఎస్.టి.డి. పిల్లను లేపాను. ఆ పిల్ల బల్ల అంచు గీరుతూ చెప్పింది. ఆత్మకూరులో వాళ్ల మేనమామకు పెళ్లి కార్డులు అచ్చువేసే అంగడి ఉంది. క్రిస్మస్ సెలవులకు పోయినప్పుడు అక్కడి కంప్యూటర్ మీద కొట్టి చూసిందట. ఒక్క అక్షరం కూడా సరిగ్గా పడక, అట్ట తెచ్చుకుని పక్కన పెట్టి చూసిందట. అట్ట తిప్పితే సరిపోయిందట. సెలవుల నుంచి రాగానే క్లాసులో అందరికీ చెప్పిందట.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

వెనక బెంచీ నుంచి, ఏడాదిలో రెండుసార్లు మాట్లాడిన ఆ పిల్ల లేచి నిలబడింది.

"చెప్తే మళ్లా దారం తీసి అల్లుకుంటా కూచుంటారని టీచర్. కంప్యూటర్ క్లాసు ఉండదు గదా. అందుకని ఇంటికాడ అట్ట తిప్పి పెట్టుకోని నేర్చుకున్నాం. బళ్లో మాత్రం మీరు చెప్పినట్టే కొట్టినాం."

నాకు ముందు కోపమొచ్చింది. అబద్ధం ఎందుకు, కోపమే వచ్చింది. నెల రోజులుగా నలభై మందీ నా ముఖంలోకి సూటిగా చూస్తూ నన్ను ఆటపట్టించారని. చేయి సంచి మీదికి కూడా పోయింది. అందులో దారం ఉంది. అప్పుడు, ఇంట్లో టీవీ కూడా లేని ఆ పిల్ల చీరపెట్టె అట్టను బడిలో ఒకలా, ఇంట్లో ఇంకోలా పెట్టుకుని, ఒకే పాఠాన్ని రెండుసార్లు నేర్చుకోవడం కళ్ల ముందు కనబడింది. ఒకటి తన కోసం, ఇంకొకటి నా పరువు కోసం. సిగ్గుతో చచ్చిపోయాను. సంచి మీది నుంచి చేయి తీసేశాను.

నేను చూసింది తప్పు వైపు నుంచి అని క్లాసు మొత్తానికీ చెప్పాను. సందు గురించి, ఫ్యాన్ గురించి చెప్పాను. సోవియట్ యూనియన్ లేదని కూడా, సందర్భం కాకపోయినా, చెప్పేశాను. ఎవరూ నవ్వలేదు. ఆ తర్వాత ఒకరు నవ్వారు. ఆ తర్వాత అందరం నవ్వాం.

మరుసటి పీరియడ్‌కు నాకూ ఒక అట్ట చేసుకుని వెళ్లాను. మొదటి బెంచీలో జరగమని కూర్చున్నాను. రెండు రోజుల్లో ఆత్మకూరు నుంచి హెడ్మాస్టర్లు వస్తున్నారు, ఆ లోపల నాకు సరైన వైపు రావాలి. ఎస్.టి.డి. పిల్ల బోర్డు దగ్గర నిలబడి, నా బల్ల మీది స్కేలు చేతిలోకి తీసుకుంది. మాట చెప్పింది. నేను మొదటి అక్షరం ఎక్కడుందా అని వెతుక్కుంటూ అట్ట మీదికి వంగాను. స్కేలు బల్ల మీద పడింది.

"కిందికి చూడగూడదు టీచర్," అంది.

నేను తల ఎత్తి, ఆ పిల్ల ముఖం చూస్తూ కొట్టడం మొదలుపెట్టాను.